ఊఁ కొడితే గడ్డకట్టిన బీరు

పెన్సిల్వేనియా పల్లెల్లో ఒక బీరు కంపెనీ ఇవాళ బతికి ఉందంటే అది నా చలవే. మంచు తుఫానుకు రోడ్లు మూసేసిన రోజున టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని వెళ్లి, గడ్డకట్టిపోతున్న టాంకును నా రెండు చేతులతో బతికించి వచ్చాను. యజమాని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. జీవితాంతం మీకు మా దగ్గర పిజ్జా ఉచితం అన్నాడు.

ఈ కథ నేను చెప్పని చోటు లేదు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పాను. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కుల్లో చెప్పాను. గుడి బయట చెప్పులు వేసుకుంటూ కూడా ఒకాయనకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ తుఫాను కొంచెం పెరిగింది.

తుఫాను అబద్ధం. అది మే నెల. మంచు పట్టింది టాంకుకే. కళ్లనీళ్లు పెట్టుకున్నది ఆయన కాదు, ఆయన భార్య, అవి కృతజ్ఞతతో వచ్చినవీ కావు. ఆవిడా యజమానే, బీరు కాచేదే ఆవిడ. నా కథలో మాత్రం ఆవిడకు చోటుండేది కాదు. ఉచిత పిజ్జా మాట ఎవరూ అనలేదు. టూల్ బ్యాగ్ ఒక్కటి నిజం. అందులోంచి బయటికి తీసింది మాత్రం ఒకే ఒక్క స్క్రూడ్రైవరు.

సపోర్టు డెస్కుల్లో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చునే పిల్లలు ఇది చదివితే బాగుండునని రాస్తున్నాను. మిగతావాళ్లు చదివి నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నేను పనిచేసింది న్యూజెర్సీలో ఒక చిన్న కంపెనీలో. బ్రూవరీలకూ డెయిరీలకూ టాంకుల వేడి, చలవ చూసుకునే పానెళ్లు తయారుచేసేవాళ్లం. అమ్మినవాటికి ఫోన్‌లో సలహా చెప్పడం, అవసరమైతే వెళ్లి చూడడం నా పని. బీరు కాచడం నాకు రాదు, కానీ బ్రూవరీలలో తిరిగి తిరిగి వచ్చినట్టు మాట్లాడడం వచ్చింది. పానెల్ పని తేలికైనదే. టాంకు గోడలో ఒక సన్నటి గొట్టం, అందులోకి దూర్చిన సెన్సరు. బీరు వేడెక్కిందని సెన్సరు చెబితే టాంకు చుట్టూ చల్లటి ద్రవం తిరుగుతుంది, చల్లబడిందని చెబితే ఆగుతుంది. ఆ సెన్సరు గొట్టంలోంచి కాస్త బయటికి జారిందనుకోండి, గదిలో గాలి వేడిని బీరు వేడి అనుకుంటుంది. ఇంకా చల్లబరచు, ఇంకా చల్లబరచు అని పోరుతూనే ఉంటుంది. చల్లబరిచే యంత్రం ఎదురు ప్రశ్న వేయదు.

ఆ దంపతులు మా దగ్గర పానెల్ కొన్నప్పుడు నడివయసులో ఉన్నారు. పాత పాడి కొట్టం ఒకటి తీసుకుని బ్రూవరీగా మార్చారు. చుట్టూ మొక్కజొన్న చేలు, దగ్గర్లో ఊరంటే ఒక చర్చి, ఒక పెట్రోలు బంకు. ఆవిడ అంతకుముందు పాల డెయిరీ ల్యాబ్‌లో పనిచేసేది. ఆయన ఇటలీ వెళ్లి నేపుల్స్‌లో పిజ్జా కాల్చడం నేర్చుకుని, వస్తూ వస్తూ బోర్లించిన పెద్ద గంగాళంలాంటి కట్టెల పొయ్యిని ఓడలో తెప్పించుకున్నాడు. ఉన్నదంతా అందులోనే పెట్టారు. ఆదివారం ప్రారంభోత్సవం. మొదటి బీరు, ఆవిడ స్వయంగా కాచింది, టాంకులో చల్లగా పండుతోంది.

ఆ ముందు శుక్రవారం ఆవిడ ఫోన్ చేసింది. నేను ఎడిసన్‌లో ఒకరి గృహప్రవేశంలో, చేతిలో పులిహోర ప్లేటుతో, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉన్నాను. ఆవిడ చెబుతోంది. పానెల్ ఒక అంకె చూపిస్తోందట, తన చేతి థర్మామీటర్ అంతకంటే బాగా తక్కువ చూపిస్తోందట. నేను ఊఁ అన్నాను. రెండుసార్లు చూశానంది. ఊఁ అన్నాను. అయితే పానెల్‌నే నమ్మి రాత్రికి అలాగే వదిలేయమంటారా అంది. దానికీ ఊఁ అన్నాను.

ఇక్కడ మన భాష గురించి నాలుగు మాటలు చెప్పాలి. మనం ఊఁ అంటే అవునని కాదు. లైను తెగలేదు, మనిషి ఇక్కడే ఉన్నాడు, నువ్వు కానీ అని అర్థం. ఫోన్‌లో మనవాళ్లతో మాట్లాడుతూ కాసేపు ఊఁ కొట్టకుండా ఉండండి, "హలో, ఉన్నావా, పోయావా?" అంటారు. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఉండాలి. ఊఁ కొట్టినవాడు కథను ఒప్పుకున్నట్టు కాదు, రాజుగారికి కొమ్ములున్నాయని నమ్మినట్టూ కాదు. ఆ అమెరికన్ ఆవిడకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? నా మూడో ఊఁని ఆవిడ యెస్ అనుకుంది. పానెల్‌ను నమ్మి పడుకుంది.

ఈ సిద్ధాంతం మా ఆవిడ ముందు మొదటిసారి విప్పినప్పుడు ఆవిడ కూరలు తరుగుతూ, "మీ ఊఁకి ఇంకో అర్థం కూడా ఉందండీ, వినట్లేదని. ఆ సంగతి నాకు పెళ్లైన వారానికే తెలిసింది" అంది. నేను ఊఁ అన్నాను.

శనివారం పొద్దున్నే రమ్మని ఫోన్ వస్తే వెళ్లాను. టాంకు బయటంతా తెల్లగా మంచు పట్టి ఉంది. ఆవిడ కింద కుళాయి తిప్పితే ముందు ఏమీ రాలేదు, తర్వాత నలిగిన ఐసు ముక్కలు గ్లాసులో రాలాయి. ఆవిడ ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. నేను టాంకు వెనక్కి వెళ్లి చూశాను. సెన్సరు గొట్టంలోంచి బయటికి జారి ఉంది. పానెల్ బిగించింది మా కంపెనీ మనిషే. సెన్సరును లోపలికి తోసి స్క్రూ బిగించాను. నేను చేసిన ప్రాణదానం అంతే, టీ చల్లారేలోపు అయిపోయింది. బీరును మాత్రం ఎవరూ బతికించలేకపోయారు.

అప్పుడు ఆయన వచ్చాడు, మోచేతుల దాకా పిండితో.

"ఫోన్‌లో మిమ్మల్ని అడిగానంటోంది. పానెల్‌ను నమ్మమని మీరే చెప్పారట. చెప్పారా?"

నేను భయపడి అబద్ధమాడానని చెప్పుకుంటే కొంత మర్యాదగా ఉంటుంది. కానీ ఉద్యోగం పోయేంత విషయం కాదది. నా వీసా గొడవలన్నీ అప్పటికే తీరిపోయాయి. నిజమేమిటంటే, ఆయన అడిగిన తీరులోనే జవాబు ఉంది. ఇంత అనుభవమున్న మనిషి అలా చెప్పి ఉండడని ఆయన అప్పటికే అనుకున్నాడు. ఆ నమ్మకాన్ని నేను చెడగొట్టలేదు.

"అలాంటివి ఫోన్‌లో చెప్పడం మా పద్ధతి కాదండీ" అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. "మీరు యెస్ అన్నారు."

"అన్నానని మీకు అనిపించి ఉంటుంది. పని ఒత్తిడిలో ఉన్నారు కదా."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగింది అప్పుడే. ఆయన పిండి చేతులతోనే ఆవిడ భుజం తట్టాడు, పర్లేదులే అన్నట్టు. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి ఆయనతో, "సారీ, హనీ" అంది.

ఆఫీసుకు వెళ్లి, కస్టమర్ పొరపాటు పడ్డారని చెప్పాను. ఆ ఆదివారం బ్రూవరీని బీరు లేకుండానే తెరిచారు. పక్క తోట నుంచి ఆపిల్ రసం తెచ్చి పోశారట. పిజ్జా మాత్రం జనానికి తెగ నచ్చిందట. బ్రూవరీ బతికింది ఆ పిజ్జా వల్ల. నేను ఆ బతకడాన్ని తీసుకుని నా ఖాతాలో వేసుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ దాని చుట్టూ తుఫాను కట్టాను.

రిటైరయ్యాక కూడా న్యూజెర్సీలోనే, పిస్కాటవేలో ఉంటున్నాం. నా దగ్గర పని నేర్చుకున్న వరంగల్ కుర్రాడు ఒకడు, ఇప్పుడు కుర్రాడేం కాదు, మేనేజరు, పండగలకు వచ్చి పలకరిస్తుంటాడు. పోయిన శరదృతువులో ఒక శనివారం కారేసుకుని వచ్చాడు.

"సార్, ఇయ్యాల మీ బ్రూవరీకి పోదాం. ఆంటీని గూడ తీస్కపోదాం. మీరు చెప్పంగ ఇన్నుడే గని నేను కండ్లతోని చూడలే."

"ఇంత దూరం ఎందుకయ్యా, దగ్గర్లో బోలెడున్నాయి."

"గట్ల కాదు సార్. మీకు లైఫ్‌లాంగ్ పిజ్జా ఫ్రీ అన్నరు గద. ఒక్కపారన్న వసూల్ చేసుడు లేదా?"

మా ఆవిడ అప్పటికే చీర మార్చుకోవడానికి లేచింది. నా కథల్లో ఒక్కదానికైనా అడ్రసు ఉందని తెలిసి ముచ్చటపడి ఉంటుంది.

డెలావేర్ నది దాటాక రోడ్డు సన్నబడింది. కోసేసిన మొక్కజొన్న చేలు, మధ్యలో ధాన్యం నిలవచేసే తెల్లటి సైలోలు. కంకర పరిచిన చోట కారు ఆపి దిగగానే మా ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"కుడితి వాసనండీ."

"బార్లీ ఉడకబెడతారు ఆంటీ, గదే వాసన" అన్నాడు మావాడు.

"అదే నాయనా. ఉడికిన పిప్పి పశువులకేగా పోస్తారు?"

నిజమే, పక్క పొలం ఆవులకు పోతుంది. పంతొమ్మిదేళ్లు బ్రూవరీల్లో తిరిగి నేను ఆ వాసనకు పేరు పెట్టలేకపోయాను.

లోపల కొట్టం నిండా జనం. పొడుగాటి బల్లలు, వాటి కింద కుక్కలు, బల్లల మీదికి ఎక్కుతున్న పిల్లలు. ఒక చివర పొయ్యి, దాని ముందు ఆయన. జుట్టు తెల్లబడింది, చేతులకు పిండి మాత్రం అలాగే ఉంది. ఇంకో చివర బీరు కుళాయిల దగ్గర ఆవిడ. నేను టోపీ కిందికి లాక్కుని మూల బల్ల చూపించాను. పనివేళల్లో తప్ప బీరు ముట్టనని మా ఆవిడకు ఎప్పుడో మాటిచ్చాను. ఇప్పుడు ఉద్యోగమే లేదు కాబట్టి ఆ మాటకు ఏ అర్థం తీసుకోవాలో ఆలోచిస్తుండగానే మావాడు వెళ్లి రెండు గ్లాసులు, ఒక నిమ్మరసం పట్టుకొచ్చాడు.

"ఇక్కడ గిదే ఫేమస్ అంట సార్. పేరు చూడున్రి, సారీ హనీ అంట."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. బోర్డు మీద చూశాను. చాక్‌పీసుతో, చుట్టూ పువ్వులు గీసి, పెద్ద అక్షరాలతో అదే పేరు.

పిజ్జాలు ఆయనే తెచ్చాడు. అంచులంతా ఉబ్బి, నల్లటి మచ్చలు పడి ఉన్నాయి. మధ్యలో టమాటా, చీజు తడితడిగా జారుతున్నాయి. ముక్కలుగా కోసి లేవు.

"అంచులు మాడ్చేశాడు, మధ్యలో కాల్చడం మరిచిపోయాడు" అంది మా ఆవిడ తెలుగులో. అని, కుడి చేత్తో ఒక పక్క తుంచి, మధ్యలో తడి అద్దుకుని, రొట్టె తిన్నట్టు నోట్లో పెట్టుకుంది. రెండోసారి తుంచేటప్పుడు ఏ వంకా పెట్టలేదు.

ఆయన సంబరపడిపోయాడు. "చూడండి, తినడం అంటే అదీ. అందరూ నన్ను కట్టర్ అడుగుతారు."

మావాడు గ్లాసెత్తి, ఈ పేరెందుకు పెట్టారని అడిగాడు. అది ఆయన రోజూ చెప్పే కథ అని వెంటనే తెలిసిపోయింది, ఎందుకంటే పక్క బల్లలవాళ్లు తినడం ఆపి ఇటు తిరిగారు.

"మా మొట్టమొదటి బీరు. రేపు ప్రారంభమనగా మా ఆవిడ టాంకు మొత్తాన్ని ఐసు చేసిపెట్టింది. ఐసుపుల్లలు గుచ్చి అమ్ముదామా అనుకున్నాం. పానెల్ కంపెనీవాడు అలాగే వదిలేయమన్నాడని ఇప్పటికీ అంటుంది." ఆయన బల్లల వైపు చూసి కన్ను గీటాడు. "కంపెనీవాడే ఇంత దూరం వచ్చి, నేను అనలేదు మొర్రో అని చెప్పి వెళ్లాడు. అప్పుడు అంది ఈ మాట, సారీ హనీ అని. ఇప్పుడు మాకు బాగా అమ్ముడుపోయే బీరు ఇదే."

అందరూ నవ్వారు. కుళాయిల దగ్గర ఆవిడ గ్లాసు నింపుతూనే ఉంది. తలెత్తలేదు. నురగ పొంగి చేతి మీదికి కారింది, తుడుచుకోలేదు.

చేయని తప్పు ఆవిడ మీద జోకుగా మారి, బోర్డెక్కి, గ్లాసుల్లోకి వచ్చింది. ఆవిడే దాన్ని కాచి, ఆవిడే పోస్తోంది. నేను దాన్ని ఒక గుక్క తాగాను కూడా. బాగుంది, అదింకా ఘోరం.

"పోదాం పదండి" అన్నాను మా ఆవిడతో. ఆవిడ నా మొహం చూసింది, టోపీ చూసింది, బోర్డు చూసింది. చేతిలో ముక్క ప్లేటులో పెట్టేసింది.

మావాడికి మాత్రం నా కథ తప్ప ఇంకే కథా తెలియదు. వాడు లేచి నిలబడి, ఇంగ్లీషులో, కొట్టమంతా వినేలా చెప్పాడు. ఆ కంపెనీ మనిషి ఈయనే, మా సార్, ఆ రోజు మిమ్మల్ని కాపాడింది ఈయనే, అని. నా టోపీ కూడా తీశాడు.

ఆయన నన్ను తేరిపార చూసి గట్టిగా నవ్వాడు. "మీరేనా. హనీ, ఇటు రా, నీ సాక్షి వచ్చాడు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇందరి ముందు ఒక్కసారి చెప్పేయండి, తేలిపోతుంది. వదిలేయమన్నారా, అనలేదా?"

సరదాగానే అడిగాడు. ఆవిడ కుళాయి కట్టేసింది. ఒక్క మాటతో ఆవిడను ఆ బోర్డు మీంచి దింపే అవకాశం నా ముందుకు వచ్చింది. అనలేదంటే ఆవిడ చచ్చేదాకా ఆ పేరు మోస్తుంది.

"అన్నాను" అన్నాను. "కానీ..."

ఆ 'కానీ' తర్వాత, పైన మీకు చెప్పిందంతా చెప్పాను. గృహప్రవేశం, పులిహోర, భుజానికీ చెవికీ మధ్య ఫోను. మా భాషలో ఊఁ అంటే అవునని కాదు, వింటున్నానని. అనుకోకుండా ఆవిడకు యెస్‌లా వినిపించింది, అది ఆవిడ తప్పు కాదు, ఆ రోజే ఒప్పుకోకపోవడం నా తప్పు. బాగా చెప్పాను. చెప్పడం నాకు మొదటినుంచీ వచ్చు. మావాడు కూడా సాయం పట్టాడు, "యా, అవర్ పీపుల్ డూ దట్" అంటూ రెండు మూడుసార్లు ఊఁ కొట్టి చూపించాడు. పక్క బల్లల్లో పిల్లలు కూడా ఊఁ, ఊఁ అని మొదలుపెట్టారు.

ఆయన ముఖం విప్పారింది. "అదా సంగతి. చూశావా హనీ, నువ్వూ కరెక్టే, ఈయనా కరెక్టే. ఇన్నేళ్లు ఊరికే గొడవపడ్డాం. ఎవరి తప్పూ లేదు, భాష తేడా."

బాకీ తీర్చేశాననిపించింది. ఇక్కడ ఆపేసి ఉంటే ఈ వ్యాసం కూడా నాకు ఎంతో హాయిగా ఉండేది. మా ఆవిడ మాత్రం నావైపు చూడడం లేదు, అటు నుంచి నడిచి వస్తున్న మనిషిని చూస్తోంది.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మా బల్ల దగ్గర ఆగింది. ఆయనతో కాదు, నాతోనే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"మీరు లోపలికి రాగానే గుర్తుపట్టాను. మీరు ఊఁ అన్న మాట నిజమే. దాన్ని నేను జవాబుగా తీసుకోలేదు, మా నాన్న కూడా ఫోన్‌లో అలాగే మూలుగుతాడు. అందుకే మళ్లీ అడిగాను, యెస్సో నోనో ఒక్క మాట చెప్పండని. మీరు నవ్వారు. 'ఆ వంటింటి థర్మామీటర్‌ను డ్రాయర్‌లో పెట్టేయండి, పానెల్‌కి దాని పని తెలుసు' అన్నారు. భాష తేడా ఏమీ లేదు. మీ ఇంగ్లీషు చాలా బాగుంది."